ఏడో పేజీలో లేని చిల్లు

పోయిన వారం కోడలిని భూతద్దం ముందు ఊపిరి బిగబట్టించి వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం ఆవిడ అలాగే వంగి కూర్చుందని బెంగపడకండి. అక్కడ గడిచింది అర నిమిషమే.

మొదటిసారి ఈ పేజీ తెరిచినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈవిడ పని పాత కాగితాలు బాగుచేయడం. దేశపు దస్తావేజులన్నీ దాచిపెట్టే పాత భవనంలో, వెనక వైపు, ఉత్తరపు వెలుతురు పడే గదిలో పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆ పని నేర్పింది అప్పట్లో అక్కడ పెద్దమేస్త్రిగా ఉన్న ఆయన. ఆ తరువాత ఆయనే మామగారయ్యాడు. ఆయన కొడుకు ట్రాము మెకానిక్. పన్నెండేళ్ల కిందట ట్రాము కార్మికులు సమ్మె చేస్తే ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, నలభై ముగ్గురిని ఒకే ఉత్తర్వుతో ఓడెక్కించి సముద్రం అవతలి దేశానికి పంపేసింది. నువ్వేం చేశావని వాళ్లను అడిగినవాళ్లు లేరు. నేనిది చేయలేదు మొర్రో అంటే వినిపించుకున్నవాళ్లూ లేరు. ఆ నలభై ముగ్గురిలో మన మెకానిక్ ఒకడు. కుటుంబాలకు పాస్‌పోర్టులు ఆపేశారు కాబట్టి ఈవిడ వెళ్లడానికి లేదు, అతను రావడానికి లేదు.

ఇక రాజ్యాంగం సంగతి. దేశం పుట్టినప్పుడు పెద్దలు కూర్చుని రాసుకున్న దాంట్లో ఏడో అధికరణం ఇలా ఉంది: "ఈ నేల మీద ఉన్న ఏ మనిషినీ, ఆ మనిషి మాట వినకుండా శిక్షించరాదు, ఇక్కడి నుంచి పంపివేయరాదు." ఇంత తేటగా ఉంటే ఇంకా కేసేమిటని మీరు అడుగుతారు. అందరూ అదే అడిగారు. కానీ ఆ పెద్దల చిత్తుప్రతి ఒకటుంది. పేజీకొక అధికరణం. కొన్ని పేజీల అడుగున, అర్థం దగ్గర రేపు ఎవరూ కొట్టుకోకూడదని, వాళ్లే చిన్న చిన్న చీటీలు రాసి అతికించారు. అచ్చుప్రతిలో అవి రాలేదు. అయినా తగువు వచ్చినప్పుడు కోర్టులు ఆ చీటీలే చూస్తాయి. ఏడో పేజీ అడుగున ఉన్న చీటీ "అత్యవసర కాలంలో ఇది వర్తించదు" అంటుంది. తొమ్మిదేళ్ల కిందట పెద్దకోర్టు ఆ ఒక్క వాక్యం చూసి, ఓడెక్కించడం సబబే అనేసింది. ఆ తీర్పును మళ్లీ చూడమని పెట్టుకున్న అర్జీ ఈ సోమవారం విచారణకు వస్తోంది. ఆ తరువాత ఇంకో తలుపు లేదు.

చిత్తుప్రతిని కోర్టుకు తీసుకురమ్మన్నారు. తీసుకెళ్లే ముందు కాగితాల ఆరోగ్యం చూడాలి. చూడడం చేతనైనవాళ్లు దేశం మొత్తానికి ఇద్దరు. ఒకాయన రిటైరయ్యాడు. రెండో మనిషి అర్జీదారుడి భార్య. ఏం చేస్తారు, పక్కన ఒక గార్డును కాపలా పెట్టి ఈవిడకే అప్పజెప్పారు. అలా శనివారం ఉదయం ఏడో పేజీ మీద భూతద్దం పెట్టిన ఆవిడకు కనిపించింది ఇదీ: చీటీకి చిల్లు ఉంది, కింద పేజీకి లేదు.

ఆవగింజంత చిల్లు. పుస్తకాలు తినే పురుగు చేసింది. ఆ పురుగు నడక ఈవిడకు కొట్టిన పిండి. అది చదువు రాని జీవి, వాక్యాలు ఏరుకుని తినదు. అడ్డొచ్చిన ప్రతి కాగితాన్నీ తొలుచుకుంటూ తిన్నగా పోతుంది. ఆవిడ పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. చిల్లు పదమూడో పేజీలో మొదలై ఇరవయ్యో పేజీలో ఆగిపోయింది. ఏడో పేజీ దరిదాపులకు పురుగు రానే లేదు.

ఇక పదిహేడో పేజీ. దాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టింది. పేజీ అడుగున చిల్లు ఉంది, సరిగ్గా చీటీ అంటించిన చోట. ముందువైపు చీటీకి మాత్రం చిల్లు లేదు, చెక్కు చెదరకుండా ఉంది.

అంటే రెండు చీటీలూ తారుమారయ్యాయి.

"ఏంటమ్మా, పురుగులు పట్టాయా?" అన్నాడు గార్డు ఆవులిస్తూ.

"పట్టాయండీ," అంది ఆవిడ.  "ఇన్నాళ్లకి పట్టాయి."

పదిహేడో అధికరణం ఏమిటో చెప్పకపోతే మీకు ఇందులో సగం మజా తెలియదు. "ప్రతి పట్టణంలోనూ వారానికొక రోజు సంత జరగాలి." అంతే. దాని కింద ఉన్న చీటీ మాత్రం "ఇందుకు మినహాయింపు లేదు" అని ఉరుముతుంది. ఆ చీటీ పుణ్యమా అని ఈ దేశంలో సంత ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాలుగేళ్ల కిందట ఏరు పొంగితే క్యాబేజీలవాళ్లు మోకాలి లోతు నీళ్లలో బుట్టలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. సంత నడుస్తోందని చూసి రాసుకోవడానికి ఇద్దరు పోలీసులు కూడా ఆ నీళ్లలోనే నిలబడ్డారు. మన పెద్దలకు సంత అంటే అంత ప్రాణం ఎందుకని ఒక ప్రొఫెసర్ గారు నాలుగు వందల పేజీల పుస్తకం రాసి శాలువా కప్పించుకున్నాడు. మనిషిని పంపేయాలంటే ముందు అతని మాట వినాలి, దానికి మినహాయింపు లేదు. సంతకైతే కష్టకాలంలో సడలింపు ఉంది. పాపం ఆ పెద్దలు రాసుకున్నది ఇంత మామూలు మాట. దాన్ని తలకిందులుగా అంటించి, క్యాబేజీకి ఇచ్చిన భరోసా మనిషికి లేకుండా చేశారు. ఎవరు? 

ఆవిడకు తెలుసు, లేదా తెలుసనుకుంది. పంతొమ్మిదేళ్ల కిందట పైకప్పు కారి, అప్పటిదాకా ఎవరూ తెరవని ఇనప్పెట్టెలోకి నీళ్లు దిగాయి. చిత్తుప్రతి తడిసిపోయింది. చీటీలన్నీ ఊడదీసి, ఆరబెట్టి, మళ్లీ అంటించింది పెద్దమేస్త్రి. అంటే మామయ్య.

వరండాలోకి వచ్చి, అర్జీ వాదిస్తున్న లాయరమ్మకు ఫోన్ చేసింది. లాయరమ్మ మధ్యలో అడ్డుపడకుండా మొత్తం వింది. ఆవిడ మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

"నా కడుపులో పాలు పోశావు తల్లీ," అంది చివరికి. "కానీ ఒక్కటి చెప్పు. ఆ చిల్లు చూసిందెవరు?"

"నేనే."

"నువ్వెవరు? ఆయన పెళ్లానివి. సోమవారం అవతలి లాయరు లేచి ఏమంటాడో తెలుసా? ఈవిడే సూదితో పొడిచిందండీ అంటాడు. గార్డు పక్కనే ఉన్నాడు అంటావు. ఆ గార్డు నిద్రపోలేదని నువ్వు ప్రమాణం చేస్తావా?"

ఆవిడ తలుపు సందులోంచి చూసింది. ప్రమాణం చేసే పరిస్థితి లేదు.

"చీటీలు ఊడదీసేముందు మీరేదో పుస్తకంలో రాసుకుంటారన్నావు కదా ఒకసారి? అది కావాలి. ఆ ఏడాదిది. ఏ చీటీ ఏ పేజీ మీద ఉండేదో అప్పుడే రాసిపెట్టిన కాగితం కావాలి. అది ఉంటే చిల్లు సాక్ష్యం అవుతుంది. లేకపోతే అది వట్టి చిల్లు."

తీసేముందు రాసుకో. ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లకు మామయ్య మొదట నేర్పే పాఠం అది. చీటీ అంచు ఎలా ఉందో, మరకలెక్కడున్నాయో, చిల్లులెక్కడున్నాయో పుస్తకంలో గీసుకున్నాకే దాన్ని తడిపి లేపాలి. అలాంటి పుస్తకాలు అలమరలో ఏడాదికొకటి వరుసగా ఉన్నాయి. ఆ ఒక్క ఏడాదిది లేదు. నీళ్లలో పోయిందని ఇన్నాళ్లూ అనుకుంది. నీళ్లు దిగాక రాసిన పుస్తకం ఆ నీళ్లలో ఎలా పోతుందని ఇవాళ్టిదాకా ఆవిడకు తట్టలేదు. ఇంట్లో మామయ్య మంచం కింద తాళం వేసిన రేకుపెట్టె ఒకటుంది. పాత బ్రష్షులమ్మా, అంటాడాయన.

శనివారం ఒంటిపూట పని. ఆవిడ నడిచే ఇంటికి బయలుదేరింది. 

ట్రాము ఎక్కొచ్చు. కానీ పన్నెండేళ్లుగా ఆవిడ ట్రాము ఎక్కదు. మలుపు తిరిగేటప్పుడు చక్రాలు కీచుమంటే, "గ్రీజు పెట్టలేదు వెధవలు" అని పక్కనుంచి ఒక గొంతు వినబడాలి. అది వినబడదు, దాంతో దిగేదాకా ఏడుపు ఆపుకోవలసి వస్తుంది. అందుకని పట్టాల పక్కన నడుస్తుంది.

ప్రతి శనివారం నాలుగింటికి అతను వీడియో కాల్ చేస్తాడు. అందరూ అంటారు, ఈ రోజుల్లో దూరం ఏముందమ్మా, రోజూ చూసుకోవచ్చు కదా అని. చూసుకోవడానికి ఉన్నది ముఖం ఒక్కటే. అతను ఎంత ఎత్తుంటాడో ఆవిడకు ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. పడగ్గది గుమ్మానికి తల తగిలేది. ఆ గుమ్మం కింద నిలబడి చేయి పైకెత్తి, ఇంత ఉంటాడేమో అని కొలుచుకున్న రోజులున్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా చేతుల మీద బెంగ. గ్రీజు గీతలు ఎంత కడిగినా పోని చేతులు. అతనికి అబద్ధం ఆడడం చేతకాదు. ముఖం రాయిలా పెట్టుకోగలడు గానీ, అబద్ధం చెబుతున్నంతసేపూ కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద నట్టు బిగిస్తున్నట్టు తిరుగుతూ ఉంటుంది. పుట్టినరోజుకు ఏమీ కొనలేదనీ, పాలు పొంగబెట్టింది తను కాదనీ అతను అన్నప్పుడల్లా ఆవిడ ముఖం చూసేది కాదు, వేలు చూసేది. పిల్లల్ని వచ్చే ఏడు కందాం, ఆ పైయేడు కందాం అనుకుంటూ ఉండగానే ఓడెక్కించారు. ఇప్పుడు ఆవిడకు నలభై రెండు.

కాల్ కలవగానే అతను ప్రతిసారీ ఒకటే మాట అంటాడు. "ఈ ఫ్లాస్కు ఎక్కడ పెట్టమంటారండీ?" పంతొమ్మిదేళ్ల కిందట ఆవిడతో అతను అన్న మొట్టమొదటి మాట అది. ఆవిడ పనిలో చేరి అప్పటికి మూడు నెలలు. మామయ్య కళ్లజోడు ఇంట్లో మరిచిపోతే, కొడుకు కళ్లజోడుతో పాటు టీ ఫ్లాస్కు కూడా పట్టుకుని వానలో తడిసి వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీద జానెడు చోటు లేదు. ఈ ఫ్లాస్కు ఎక్కడ పెట్టమంటారండీ. ఆవిడ తలెత్తి చూసింది, ఇక అంతే. పదకొండో తారీఖు, మంగళవారం. ఆ తారీఖును ఇద్దరూ పెళ్లిరోజుకన్నా ఎక్కువ చేసుకుంటారు.

ఇంటికి వచ్చేసరికి మామయ్య కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని క్యారెట్లు తరుగుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు, చేతులు వణుకుతాయి, అయినా ముక్కలన్నీ ఒకే మందం. ఒక ముక్క మందంగా వస్తే దాన్ని పక్కకు పెట్టి తినేస్తాడు, సాక్ష్యం ఉండకూడదన్నట్టు.

"వచ్చావా కొత్తమ్మాయ్. టీ పెట్టనా?"

ఇన్నేళ్లయినా ఆయనకు ఈవిడ కొత్తమ్మాయే. గదిలో చేరిన రోజు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

"మామయ్యా, మంచం కింద పెట్టె తాళంచెవి ఇవ్వండి."

కత్తి ఆగింది. 

"అందులో ఏముందమ్మా, పాత బ్రష్షులు."

"బ్రష్షులకి తాళం ఎందుకు మామయ్యా?"

ఆయన తరిగిన ముక్కల్ని ఒక పక్కకు నెట్టాడు. ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. చిల్లు సంగతి చెప్పింది, ఏడో పేజీ, పదిహేడో పేజీ, లాయరమ్మ అడిగిన పుస్తకం. చెబుతున్నంతసేపూ ఆయన ముఖమే చూస్తోంది. ఆ ముఖంలో ఆశ్చర్యం కోసం వెతికింది. లేదు. 

"మీకు తెలుసు," అంది.

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"తీర్పు వచ్చిన మర్నాడు పేపర్లో ఆ చీటీ ఫోటో వేశారు. అందులో చిల్లు కనబడింది. ఏడో పేజీకి చిల్లు లేదని నాకు గుర్తుంది. నువ్వు సెలవులో ఉన్నావు, వెళ్లి అలమరలోంచి పుస్తకం తీసి చూశాను. తెచ్చేశాను."

ఆ తీర్పు వచ్చి తొమ్మిదేళ్లు. ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ గొంతెత్తగా ఈ కథలో మనం ఇంతవరకు వినలేదు, అవునా? ఆఫీసులో అరవలేదు, ఓడ దగ్గర పోలీసులు తోసేసినప్పుడు అరవలేదు, తీర్పు రోజున కూడా అరవలేదు. ఇప్పుడు అరిచింది.

"తొమ్మిదేళ్లు మామయ్యా! ప్రతి శనివారం నా పక్కన కూర్చుని, ఎప్పుడొస్తావురా నాన్నా అని ఆయన్ని అడిగారే! అడగడానికి నోరెలా వచ్చింది మీకు? ఆయన చొక్కాలు ఉతక్కుండా దాచుకున్నాను నేను. వాసన పోతుందని. పోయింది. ఆరేళ్లయింది పోయి. ఆ వాసన ఎలా ఉండేదో కూడా నాకిప్పుడు గుర్తులేదు. మీరు ఒక్క మాట... ఒక్క మాట చెబితే... పేరు పోతుందనా? పెద్దమేస్త్రి చేయి తప్పిందని నలుగురూ అనుకుంటారనా? కన్నకొడుకు కన్నా ఎక్కువా ఆ పేరు?"

"పేరా," అన్నాడు మామయ్య. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అన్నట్టుగా అన్నాడు. "నాకు పేరేముందమ్మా."

"మరెందుకు?"

ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాడు. అది ఎప్పుడూ జేబులోనే ఉంటుందన్న సంగతి కూడా ఆవిడకు ఇప్పుడే తెలిసింది. బల్ల మీద పెట్టాడు గానీ దాని మీంచి చేయి తీయలేదు.

"చూడకుండా ఉండలేవా? సోమవారం నేనే కోర్టుకి వస్తాను. నేనే తీశాను, నేనే అంటించాను, పొరపాటు నాదే అని చెబుతాను. ముసలాణ్ణి, నన్నేం చేసుకుంటారు? పుస్తకం మాత్రం వద్దు. నా మాట విను."

"తండ్రి కొడుకు కోసం చెప్పే మాట ఎవరు నమ్ముతారు? పుస్తకం కావాలి. చేయి తీయండి మామయ్యా."

తీశాడు. 

రేకుపెట్టెలో నిజంగానే పాత బ్రష్షులున్నాయి, పైన ఒక వరుస. వాటి కింద పాత తువ్వాలులో చుట్టి నల్ల అట్ట పుస్తకం. ఆవిడ నేల మీదే కూర్చుని పేజీలు తిప్పింది. చిత్తుప్రతి, పదమూడో పేజీ, మరకలు. పద్నాలుగు. పదిహేను. అంతా మామయ్య రాత, నిటారుగా, పొదుపుగా. ఆ తరువాత పదిహేడో పేజీ. చీటీ అంచు గీసి ఉంది, ఎడమ మూల చిరుగు, మధ్యలో చుక్క పెట్టి పక్కన "పురుగు చిల్లు, ఆవగింజంత". అదే, కోర్టుకు కావలసింది సరిగ్గా అదే. ఆవిడ ఒళ్లంతా పులకరించింది. వచ్చేస్తాడు, అనుకుంది. గుమ్మానికి తల కొట్టుకుంటూ వచ్చేస్తాడు.

అప్పుడు చూసింది. ఆ రాత నిటారుగా లేదు. అక్షరాలు కుడివైపుకు వాలి ఉన్నాయి, అవసరం లేని చోట కూడా పెద్ద తలకట్లు. ఆ రాతతో ఆవిడ అతనికి వందల ఉత్తరాలు రాసింది. కింద తారీఖు కూడా ఆ రాతలోనే ఉంది. పదకొండు, మంగళవారం. దాని కింద మామయ్య నిటారు అక్షరాలు: "ఏడు, పదిహేడు. తీసింది, అంటించింది: కొత్తమ్మాయి. సరిచూశాను." ఆపైన సంతకం.

 కింద వీధిలో ఒక ట్రాము మలుపు తిరిగింది.

"ఆ రోజు నాకు కళ్లజోడు లేదు కదమ్మా," అన్నాడు మామయ్య మెల్లగా. "ఆ రెండు చీటీలూ నువ్వు చెయ్యి అన్నాను. నువ్వు బాగానే గీశావు, బాగానే లేపావు. ట్రేలో తడి పీల్చే అద్దుడు కాగితం మీద పక్కపక్కనే ఆరబెట్టావు, ఎడమవైపు ఏడు, కుడివైపు పదిహేడు. అప్పుడు వాడు వచ్చాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చూసేసరికి నువ్వు జిగురు రాసి అంటించేస్తున్నావు. నీ ముఖం ఎర్రగా ఉంది. నాకు నవ్వొచ్చింది. సరిచూశానని సంతకం పెట్టేశాను. చూడలేదు."

ఆవిడకు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆ రోజు నుంచి ఆవిడ దాచుకున్నవి రెండే, గుమ్మంలో నీళ్లు కారుతున్న మనిషి, ఆ మాట. ఇప్పుడు మిగతా గది కూడా కనబడింది. చోటు లేని బల్ల. ఫ్లాస్కు. అడ్డంగా ఉన్న ట్రే. చోటు కోసం ట్రేను తిప్పారు. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది. రెండు చీటీలూ ఒకే కొలత. ఏది ఏదో చూడకుండా అంటించింది.

ఒక్క జానెడు చోటు కోసం. ఆ మనిషి టీ ఫ్లాస్కు పెట్టుకోవడం కోసం. అతన్ని మొదటిసారి చూసిన ఆ క్షణంలోనే ఆవిడ చేయి అతన్ని ఓడెక్కించింది. అతనితో పాటు ఇంకో నలభై ఇద్దరిని.

"చిత్తుప్రతిలో చీటీ కదిలిస్తే ఐదేళ్లు జైలు," అన్నాడు మామయ్య. "పొరపాటైనా అంతే, చట్టంలో సడలింపు లేదు. వాడెలాగూ లేడు. నిన్ను కూడా పంపించి నేనేం చేసుకోను? ప్రభుత్వం మారుతుంది, ఉత్తర్వు వాళ్లే తీసేస్తారు, వాడు వచ్చేస్తాడు, నీకెప్పటికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. ఒక ఏడాది అనుకున్నాను. రెండేళ్లు అనుకున్నాను. తరువాత చెప్పడానికి ముఖం లేకపోయింది." ఆయన కళ్లు తుడుచుకోలేదు, నీళ్లను అలాగే కారనిచ్చాడు. "వాడు నా కొడుకే. నువ్వు నా కూతురివి కావా?"

ఆవిడ ఆయన్ని తిట్టాలనుకున్నవన్నీ ఎటు పోయాయో పోయాయి. నేల మీద నుంచే జరిగి ఆయన మోకాలికి తల ఆనించింది. 

"ఇది కోర్టుకి ఇస్తాను మామయ్యా."

"వద్దమ్మా. వాడు ఈ గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు జైల్లో ఉంటే ఏం సుఖం?"

"పంపాలంటే ముందు నా మాట వినాలి కదా. అడుగుతాను, వినమని. ఏడో పేజీలో రాసింది అదే, మినహాయింపు లేకుండా. అది ఆయనకి వర్తించాలని అడుగుతూ నేను దాక్కుంటే ఎలా?" అని, పుస్తకం మూసి, "నాకు భయంగా ఉంది మామయ్యా," అంది.

"నాకూ భయంగానే ఉందమ్మా," అన్నాడాయన.

గోడ గడియారం నాలుగు కొట్టకముందే బల్ల మీద ఫోన్ మోగింది. అతనెప్పుడూ రెండు నిమిషాలు ముందే చేస్తాడు. మామయ్య ఆవిడ చేతిలో పుస్తకం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ముఖం తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

కణతల దగ్గర నెరిసిన ముఖం తెర నిండా వచ్చింది. వెనకాల ఎప్పుడూ ఉండే పచ్చ గోడ.

"ఈ ఫ్లాస్కు ఎక్కడ పెట్టమంటారండీ?"

ఆవిడ నవ్వలేదు. పన్నెండేళ్లలో మొదటిసారి.

"ఏమైంది? నాన్న బాగున్నారా?"

ఆవిడ ఫోన్‌ను గోడకు ఆనించి, పుస్తకం తెరిచి ఆ పేజీని ఫోన్ వైపు తిప్పి పట్టుకుంది.  అతను ముందుకు వంగాడు. కళ్లు వాక్యాల వెంట నడిచాయి, తారీఖు దగ్గర ఆగాయి.

"ఇది నీ రాత కదా," అన్నాడు.

ఆవిడ చెప్పింది. చిల్లు, చీటీలు, ట్రే, జానెడు చోటు, ఐదేళ్లు. ఏదీ తగ్గించకుండా, ఏడవకుండా చెప్పింది. చివర్లో, "నిన్ను పంపింది నేనే," అంది.

 అతని ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"పిచ్చిదానా," అన్నాడు. "నువ్వు ఆ ట్రే ముట్టుకోనేలేదు. జిగురు గిన్నె కోసం అటు తిరిగావు. తిప్పింది నేను. కావాలంటే కోర్టులో నా చేత చెప్పించు. ఐదేళ్లో పదేళ్లో నాకే వేయమను. ఇక్కడ ఉన్నవాణ్ణి, వచ్చి పట్టుకెళ్తారా?"

మామయ్య కుర్చీని ఫోన్ దగ్గరకు జరుపుకున్నాడు.

ఆవిడ ఆ గదిని మళ్లీ గుర్తుచేసుకుంది. జిగురు గిన్నె వైపు తిరిగిందా? తిరిగి ఉండొచ్చు. ట్రే తిప్పినట్టు తన చేతులకు గుర్తుందా, లేక ఇప్పుడే గుర్తు చేసుకుందా? తేలలేదు. అతను నిజమే చెబుతున్నాడా, తండ్రి లాగే తప్పు నెత్తినేసుకుంటున్నాడా? తెర నిండా ముఖం ఒక్కటే ఉంది, రాయిలాగా. 

"ఫోన్ కిందికి దించు," అంది ఆవిడ.

"ఎందుకు?"

"దించు. నీ కుడిచేయి చూపించు."